తప్పు ఓర్చే రెక్క

నేను దుప్పట్లు కుట్టేదాన్ని.
బాతు ఈకలు కూరి, అంచు మడిచి,
పెళ్ళికూతుళ్ళ పేర్లు మూలన అల్లేదాన్ని.
ఆ చలికాలం వెండెలీన్ మా గుమ్మంలో నిలబడి
టోపీ కూడా తీయకుండా
"బ్లజెనా, రెక్కకి బట్ట కుట్టగలవా?" అన్నాడు.
ఏ పిట్టకని అడిగాను.
నవ్వలేదు.
అతనికి నవ్వే తీరికున్న ఏడాది కాదది.

కుర్చీలు చేసే కార్ఖానా వెనక షెడ్డు.
మొరావియా మంచు రేకుల మీంచి జారుతుంటే
లోపల స్ప్రూస్ చెక్క, తెల్లగా, సన్నగా,
చేప తినేశాక పళ్ళెంలో మిగిలిన ముల్లులా.
జిగురు పాలతో చేసిందే:
విరిగిన పాలలో సున్నం వేసి గిలక్కొడితే
చెక్క విరుగుతుంది గానీ అతుకు విడదు.
వీధి పిల్లులన్నిటి కాపురం ఆ గుమ్మంలోనే.
లక్క పూసిన రోజు మాత్రం ఒక్కటీ రాదు,
మగ్గిన బేరిపండ్ల వాసనకి మాకే కళ్ళు తిరిగేవి.

రెక్క మొదట్లో, ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట,
కుట్టుకీ కుట్టుకీ రెండు వేళ్ళు.
చివరికి పోయేకొద్దీ నాలుగు.
ప్రతి కుట్టుకీ ముడి.
ఒకటి తెగినా పక్కది పరువు నిలపాలి.

మొదటిది అందంగా పుట్టింది.
పొట్టి రెక్కలు, కోపం ఎక్కువ.
పందేలకి దీన్ని మించింది లేదన్నాడు క్విడో.
మరి కొత్తవాళ్ళకి? అని వెండెలీన్ అడిగితే
భుజాలెగరేశాడు.
మే నెలలో, దిగబోతూ కాస్త నెమ్మదించినందుకే
అలిగి, ఒక పక్కకి ఒరిగి,
చక్కెరదుంపల చేలో పడేసింది అతన్ని.
కాలర్ ఎముక, రెండు పళ్ళు.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు.
ఎడమ రెక్కలో, ఏడో పక్కటెముక దగ్గర
ఒక ముడి వదిలేశాను,
దీపంలో కిరసనాయిలు అయిపోయి.
ఎవరికీ చెప్పలేదు.
తెల్లారి వెళితే
పేలికల మధ్య వెండెలీన్ మోకాళ్ళ మీద ఉన్నాడు.
ఏడో పక్కటెముక వేలితో చూపించాడు.
బట్ట ఎక్కడెక్కడో చిరిగింది, అక్కడ తప్ప.
"నీ ముడి లేకపోయినా పక్కవి పట్టుకున్నాయి."
తెలుసన్నమాట. ఎప్పట్నుంచో.
చాలాసేపు ఆ కుట్టునే చూస్తూ
"విమానం మొత్తం ఇలా ఉండాలి" అని గొణిగాడు,
నాతో కాదు.

రెండోది మరీ మెతక.
ఇద్దరు కూర్చుంటే నేల వదిలేది కాదు.
పిండిమర కాటా మీద ముక్కలు ముక్కలుగా తూచాం.
పదకొండు కిలోలు ఎక్కువ.
సీటు తోలు పోయింది. పక్కటెముకలకి చిల్లులు పడ్డాయి.
మరాడించేవాడు క్విడో మీసాలకేసి ఆశగా చూశాడు.
ఇంజన్‌ది అరవై గుర్రాల బలమంటారు,
అందులో పది కుంటివని నా అనుమానం.

మూడోదానికి రెక్క రెండు జానలు పెరిగింది.
తోక కొంచెం పైకెక్కింది.
బ్యాంకు మనిషి రెండుసార్లు వచ్చిపోయాడు.
వెండెలీన్ భార్య ఓటీలియె పియానో అమ్మేసింది.
ఆ తర్వాత ఆ గోడకేసి చూడకుండా నడిచేది.

మొదటి శిష్యుడు ఆల్బీన్,
మందుల షాపులో సీసాలు కడిగే నత్తి కుర్రాడు.
ముందు సీట్లో క్విడో, వెనక వాడు.
ఒక కర్ర కదిపితే రెండోదీ కదులుతుంది,
ఒకే బిందె ఇద్దరు మోస్తున్నట్టు.
ఆరోసారి ఎక్కినప్పుడు
కుర్రాడు ముక్కు మరీ పైకెత్తాడు.
రెక్కల మీద గాలి పలచబడింది.
కింద ఓటీలియె నా మణికట్టు పట్టుకుంది.
మొదటిదైతే అక్కడే ఒరిగేది.
ఇది ఒక్కసారి వణికింది,
తనంతట తానే ముక్కు దించుకుంది,
సరేలే, మళ్ళీ మొదలెట్టు అన్నట్టు.
అప్పుడు చూశాను:
క్విడో రెండు చేతులూ తల మీదికెత్తాడు,
వెనక కుర్రాడికి కనబడేలా.
పందేల మనిషి, ఖాళీ చేతులతో, గాలిలో.

వెండెలీన్ అది చూడలేదు.
షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో
ఏవో అంకెలు కొట్టేస్తున్నాడు.

ఇంటికెళ్ళి, సగంలో ఆపిన దుప్పటి తీశాను.
రెండు వేళ్ళ దూరం, ప్రతి కుట్టుకీ ముడి.
దుప్పటికి అంత అక్కర్లేదు.
ఇంత గట్టిగా ఎందుకని ఆ పెళ్ళికూతురు అడిగింది.
ఏం చెప్పను.
రాత్రుళ్ళు గాలెక్కువ, అన్నాను.