వెనక్కి ఒక నిమిషం

ఒల్యావ్ ఉప్పుమడులు దాటాక మా షెడ్డు.
గాజు గొట్టాల్లో ఆకుపచ్చ నీళ్లు
పగలంతా ఎండ తాగి
రాత్రికి మా చేతికొస్తాయి.

లీటరుకి ఒక గ్రాము పచ్చదనం.
మిగతాదంతా నీరే.
ఆ గ్రాము కోసం ఈ పంపులూ, ఈ పొరలూ,
రాత్రి మూడింటికి నాకూ జుల్మీరాకీ
చల్లారిన ఈ కాఫీ.

పొర అంటే తెల్లటి సేమ్యా కట్ట.
పోగుపోగుకీ కంటికానని బెజ్జాలు.
నీరు దూరిపోతుంది, నాచు ఆగుతుంది.
ఆగడంతోనే తంటా:
ఆగినది అతుక్కుంటుంది,
అతుక్కున్నదాని మీద ఇంకోటి,
బెండకాయ జిగురు, గంజి మీద తెట్టు,
మీటరు ముల్లు పైపైకి, ధార సన్నసన్నగా.

మొదట్లో నేను ముల్లుతో పంతం పట్టాను.
ధార తగ్గిందా, లాగుడు పెంచు.
ఇంకా తగ్గిందా, ఇంకా పెంచు.
తెల్లారేసరికి సేమ్యా కాస్తా
రేవులో పాచిపట్టిన మోకు.
బ్లీచులో ముంచితే ముక్కులో మంట,
కడిగిన ప్రతిసారీ
పొర ఆయుష్షులో ఒక పిసరు పోయేది.

జుల్మీరా నన్నేమీ అనలేదు.
సూక్ష్మదర్శిని కింద ఒక చుక్క పెట్టి
చూడు, అంది.
సగం కణాలు పగిలి ఉన్నాయి.
పంపు రెక్కలకి చితికి
కడుపులోదంతా కక్కేసి.
ఆ జిగురు నాచుది కాదు,
నాచుకి తగిలిన దెబ్బది.

వాళ్ల నాన్న ఉప్పు తీసేవాడట.
పలక అడుగుకి తగిలితే
ఉప్పుకి మట్టి రంగొస్తుందని
ఆమెకి ఏడేళ్లప్పుడే తెలుసు.
నాకు నలభై ఒకటి.

పంపు మార్చాం, మెల్లగా పిండే రకం.
అడుగు నుంచి గాలి బుడగలు వదిలితే
పోగులు విరబోసుకున్న జుట్టులా ఊగాయి.
తొమ్మిది నిమిషాలు లాగడం, అదీ కొంచెంగా.
ఒక నిమిషం
వచ్చిన నీళ్లే కొన్ని వెనక్కి తోయడం.

ఇంజనీరు గిల్ లెక్క చూసి,
తోడిన నీళ్లు మళ్లీ బావిలో పోస్తున్నారా? అన్నాడు.
అవును.
గంటకి ఆరు నిమిషాలు వెనక్కే నడుస్తున్నాం.
శుక్రవారం దాకా ముల్లు ఉన్నచోటే ఉంది.
బ్లీచు డబ్బా మూత మీద దుమ్ము.

పాచి పూర్తిగా పోయిందా అంటే, లేదు.
వేలితో రాస్తే ఇప్పటికీ జారుతుంది.

ఆ ఒక్క నిమిషం పంపు గొంతు మారుతుంది.
అప్పుడే మేమిద్దరం
కప్పులు అందుకుంటాం.