ముసురులో దండెం

బతూమిలో మూడో రోజు పొద్దున కూడా ముసురే.
గ్యూమ్రీ నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని
సముద్రం కోసం వచ్చాం.
సముద్రమే గదిలోకొచ్చి కూర్చుంది.

మనిషికి మూడు జతలు చాలన్న లెక్క నాదే.
ఒకటి ఒంటిమీద, ఒకటి సంచిలో, ఒకటి దండెం మీద.
బడిలో లెక్కలు చెప్పేదాన్ని,
దండెం మీది జత ఆరుతుందనుకోవడం దగ్గర తప్పాను.

హ్రాంత్‌కి ఒక పద్ధతి ఉంది, ఎవరొచ్చినా చూపిస్తాడు:
పొడి తువ్వాలు పరిచి, దాని మీద చొక్కా పరిచి,
చాపలా చుట్టి మోకాలితో తొక్కి
ఆ కొస తను, ఈ కొస నేను పట్టుకుని మెలిపెట్టడం.
పద్నాలుగేళ్ల కాపురంలో
ఇంత ఒద్దికగా మేం చేసిన పని ఇంకోటి గుర్తు రాదు.
తువ్వాలు తడిసింది. చొక్కా అలాగే ఉంది.
ఇప్పుడు ఆరాల్సినవి రెండు.

మంచం కోడుకి గౌను.
ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉంటుందని మేజోళ్లు.
టేబుల్ ఫ్యాను ముందు లోదుస్తులు,
అది తల అటూ ఇటూ తిప్పుతూ
ఒక్కోదాన్నీ చూసి వద్దు వద్దంటోంది.
షుషాన్ తన సాక్సొకటి దీపం బల్బుకి తొడిగి మర్చిపోయింది.
కమురు వాసనకి పరిగెత్తుకొస్తే
"ఆరిందమ్మా" అంది.
ఆరిన మాట నిజమే.

ఇంటావిడ త్సియాలా తలుపు తోసుకొచ్చి
గోడలకి బూజు పట్టిస్తారా అని
సగం రష్యన్‌లో, సగం తన భాషలో
మమ్మల్నే ఉతికి ఆరేసింది.
ఆ గదిలో ఆ రోజు ఆరింది మేమొక్కళ్లమే.

వెనక వసారాలో ఆవిడ దండెం.
ఈ ఇంటి గిలక నుంచి ఎదురింటి గిలక దాకా
మూడో అంతస్తు ఎత్తున, నడవ మీదుగా
పోయే తాడూ వచ్చే తాడూ ఒకటే.
అవతల నోదార్ ఉంటాడు.
మాట్లాడుకుని తొమ్మిదేళ్లయిందంది. ఎందుకో చెప్పలేదు.
తాడు మాత్రం ఎవరూ కోయలేదు.
సోమ, బుధ, శుక్రవారాలు ఆవిడవి,
మంగళ, గురు, శని ఆయనవి.
ఆదివారం దండెం మీద పిచ్చుకలు.

మధ్యాహ్నం ఒక గంట ఎండ కాసింది.
వారం చూసుకోకుండా
హ్రాంత్‌కున్న ఒక్క మంచి చొక్కా, నీలం గళ్లది,
రెండు క్లిప్పులతో తగిలించి ఇటు తిరిగాను.
గిలక కిర్రుమంది.
చేతులు వేలాడేసుకుని చొక్కా నడిచెళ్లిపోతోంది
నడవ మీద, గాలిలో, వెనక్కైనా చూడకుండా.
ఒక చెయ్యి దాన్ని లోపలికి తీసుకుంది.
కిటికీ మూసుకుంది.

తిట్టేస్తుందనుకున్నాను.
త్సియాలా కిటికీని చూసింది, గిలకని చూసింది,
"ఇవాళ గురువారం కదూ" అంది, తనలో తనే.

తెల్లారి మళ్లీ ముసురు.
తుంపరలోంచి నైలాన్ సంచిలో
చొక్కా తిరిగొచ్చింది, పొడిగా, వెచ్చగా.
చేతుల మడత మీద వేలు తెగేట్టు ఇస్త్రీ.
నాకిచ్చే ముందు ఆ మడత మీద
బొటనవేలితో కాలర్ దాకా వెళ్లి ఆగింది ఆవిడ.
"ఎడమకి లాగుతుంది ఈ పెట్టె" అంది.
"నాదే."

లోపలికెళ్లి బల్ల మీది గుడ్డ లాగేసుకొచ్చింది,
ఉప్పుడబ్బా బల్ల కింద దొర్లుతున్నా పట్టించుకోకుండా.
కుళాయి కింద తడిపి, పిండి, తగిలించి
తాడుని ఆ చివరంటా లాగింది.
నాలుగు క్లిప్పులు పెట్టింది, రెండు చాలినా.

మేం బయల్దేరేదాకా అది తిరిగి రాలేదు.
అడగడానికి నాకు నోరు రాలేదు.
ఆవిడ మాత్రం గోడ బూజు కోసం
ఐదు లారీలు మినహాయించుకుంది.

రైల్లో కిటికీ కొక్కేనికి ఒంటరి సాక్సు ఊగుతోంది.
షుషాన్ నిద్రపోయింది.
మడత నలుగుతుందని చొక్కాని ఒళ్లో పెట్టుకుని
తడి బనీనుతో కూర్చున్నాడు హ్రాంత్,
గ్యూమ్రీ దాకా తుమ్ముతూనే.