ఊట దగ్గర ఏడున్నరకి

ఉప్పుగా, తుప్పు వాసనతో, గుడ్డు ఉడికేంత వేడిగా
నేల కింద ఎవరు కాస్తున్నారో తెలీని నీళ్లు.
పద్నాలుగేళ్లుగా గ్లాసుల్లో పోస్తున్నాను.
వేలు కాలినా ఇప్పుడు నాకు తెలీదు.

వీస్‌బాడెన్‌కి రోగాలు రైలెక్కి వస్తాయి.
కీళ్లవాతం, రాచపుండు,
కడుపులో చల్ల కదలకుండా బతికి
చివరికి ఆ కడుపు కోసమే వచ్చేవాళ్లు.
హెర్ ఏరెన్‌రాయిటర్ తెచ్చుకున్నది చలిజ్వరం.
న్యూగినీ అడవుల్లో ఆయన పోగుచేసినవాటిలో
పెట్టెకెక్కకుండా ఒంట్లో వచ్చింది అదొక్కటే.

టౌనుస్ కొండల మీద మంచు విడవకముందే
బొచ్చుకోటులో వణుకుతూ దిగేవాడు.
రెండు చేతులా గ్లాసు పట్టుకుని
పిట్టల కబుర్లు మొదలెట్టేవాడు.
కొమ్మకి తలకిందులుగా వేలాడి
ఆడదాని కోసం నీలంగా వణికే పిట్ట ఒకటుందట.
మూడువందల పన్నెండు తోళ్లు,
లోపల పాషాణం సబ్బు రాసి, కళ్ల చోట దూది కూరి,
ఓడలో పదకొండు వారాలు.
"ఒక్క ఈక నలగలేదు, ఫ్రాయిలైన్ వాల్బుర్గా!"

ఆదివారం మ్యూజియానికి వెళ్లి చూశాను.
ఉంది, అద్దాల వెనక.
కాకపోతే బుద్ధిమంతురాలిలా నిటారుగా కూర్చోబెట్టారు.
కాలికి చీటీ: తీరం, తేదీ, మగది,
సేకర్త ఏరెన్‌రాయిటర్.
అంత ఎత్తు చెట్టు చివర్న ఉండే పిట్ట.
ఈయన మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

మర్నాడు గ్లాసు అందిస్తూ అడిగాను,
"చెట్టెక్కింది ఎవరండీ?"

ఈ ఊళ్లో అందరూ నీళ్లు తాగుతారు.
నీళ్లు నమలడం ఆ రోజే చూశాను.
మండపంలో బ్యాండువాళ్లు ఒక వాల్ట్‌జ్ మొదలెట్టి ముగించారు.
ఆయన గ్లాసు మీద ఆవిరి ఆగిపోయింది.

తొమ్మిది రోజులు రాలేదు.
పదో రోజు వచ్చి, గ్లాసు ముట్టుకోకుండా,
"బోనెం," అన్నాడు.
మందు పేరేమో అనుకున్నాను.
"పదహారేళ్లుంటాయి. ఉచ్చు వేసి పట్టేవాడు.
దిగుతుంటే కొమ్మ విరిగింది."

కొండల వైపు చూస్తూ
కుడిచెయ్యి నెమ్మదిగా పైకెత్తాడు,
దేన్నో నీళ్లలో తడవకుండా దాటిస్తున్నట్టు.

"ఇలా పట్టుకుని పడ్డాడు.
పిట్ట నలగకూడదని నేనే చెప్పాను."

ఆ చెయ్యి దించడం మర్చిపోయాడు.
వరసలో వెనకనున్న కలోన్ దొరసాని
"ఇంకెంతసేపు?" అంటూ గొడుగుతో నేలని తట్టింది.

పోశాను.
వేలు చుర్రుమంది.