ఎనిమిది కావాల్సిన కాడ

వెయ్యి కరపత్రాలు.
చౌరస్తా ఎనక గల్లీల, మూడు మెట్లు దిగితే సదానందం ప్రెస్సు.
నల్ల సిరా అయితే చౌక అన్నడాయన.
షత్రంజీ అంచు ఎరుపు, నాకు ఎరుపే కావాలన్న.
నూటయాభై ఎక్కువ.
ఇచ్చిన.

పైన మగ్గం బొమ్మ.
కింద, "కొత్తవాడల నేసిన చేతుల నుంచి
నేరుగ మీ ఇంటికి."
మూలకు చీమలు గుంపు గట్టినట్టు క్యూఆర్ కోడు,
దాని పక్కన నా నంబరు.
ప్రూఫు చూసిన. కోడు స్కాన్ చేసి చూసిన,
ఫోన్ల రంగులన్ని పరుసుకున్నయి.
నంబరొక్కటే చదవలే.
ఎవలన్న తన నంబరు తను చదువుకుంటరా?

భుజాన సంచి, సంచిల నాలుగు మడతలు,
బస్సు దిగుడు, వాకిట్ల పరుసుడు,
"ముట్టుకొని చూడు అక్కా, తర్వాత మాట్లాడుదాం."
కొనకున్నా చేతిలో ఓ కాయితం పెట్టి వచ్చుడు.
గీసుకొండల ఒకామె నా ముందల్నే
దాంట్ల మిర్చిబజ్జి చుట్టి పిల్లగానికిచ్చింది.
ఎరుపు సిరా నూనెకు ఇంకా మెరిసింది.

హన్మకొండ టీచరమ్మలు స్కాన్ చేసిన్రు.
"లాస్ట్ ఎంత?" అని మెసేజులు.
ఊర్ల దిక్కు నుంచి మాత్రం ఒక్క ఫోను లేదు.
ఆరువందల కాయితాలు గాలిల కలిసిపోయినట్టే.
"కాయితం కాలం అయిపోయిందత్తా" అన్నడు మా వినీత్.
నేనేం అనలే.
వాడన్నది నిజమేమోనని భయమైంది.

పదకొండో నాడు ఫోను.
"అమ్మా, నేను యాకయ్యను, నర్సంపేట, ట్రాక్టర్ మెకానిక్‌ను.
నీ షత్రంజీలు నన్ను పండనిస్తలేవు."

తొమ్మిదో అంకె. ఎనిమిది కావాల్సిన కాడ మూడు.
ఎవలో కాయితం తెస్తే ఆయన బిడ్డ కోడు స్కాన్ చేసి
నన్ను దొరకబట్టింది.
సామాన్ల బుక్కు తెరిచి చదువుతున్నడు,
క్లచ్ ప్లేటుకు, ఐదు లీటర్ల గేరాయిలుకు నడుమ:
చెన్నారావుపేట విజయక్క, పెద్దది ఒకటి,
పత్తి ఏరి ఇంటికొచ్చినంక ఫోన్ చేయాలె.
దుగ్గొండి అంగన్‌వాడీ, పిల్లలు కూసునేటివి నాలుగు,
మాసినా కనబడొద్దు.
ఖానాపురం ముసలాయన, పేరు చెప్పలే,
ధర అడిగిండు, నాకేం ఎరుక అన్న,
తెల్లారి మళ్ల అడిగిండు.
మొత్తం పందొమ్మిది మంది.
"రాంగ్ నంబర్ అంటే అయిపోవు కదన్నా?"
"అన్న. మొదటి ఇద్దరికి అన్న.
మూడో ఆమె బిడ్డ పెండ్లి అని చెప్పింది, ఎట్లంట?"

ఆ రాత్రి మిగిలిన నాలుగువందలు ముందలేసుకున్న.
మూడంటే రెండు తెరిచిన నోళ్లు.
పెన్నుతోని మూస్తే ఎనిమిది.
మొదటి వంద పోగు అతికినట్టు దిద్దిన,
తర్వాత చెయ్యి గుంజింది,
కొన్ని ఎనిమిదులకు పొట్ట వచ్చింది.
వినీత్ ఒకదాని ఫోటో తీసి స్టేటస్ పెట్టిండు.
పరువు తీస్తివి కదరా అని తిట్టిన.
అది చూసి ముగ్గురు అడిగిన్రు.
పరకాలల ఒకామె ఆ అంకె మీద వేలు పెట్టి
"చేత్తోని దిద్దినవా?" అని,
కాయితం మడిచి రేషన్ కార్డు కవర్ల పెట్టుకున్నది.

యాకయ్యకు నల్లంచుది ఒకటి ఇచ్చి వచ్చిన.
"మురికైతదమ్మా" అని గోడకు ఆనిచ్చి పెట్టిండు.

మొన్న పోతే, ట్రాక్టర్ కింద రెండు కాళ్లే కనబడుతున్నయి.
వీపు కింద నా షత్రంజీ,
నల్లంచు ఏదో, ఆయిలు మరక ఏదో తెలుస్తలేదు.
పానాల నడుమ ఫోను మోగింది.
లోపల్నుంచి ఓ నల్లటి చెయ్యి వచ్చి తడుముకుంట పట్టుకున్నది.
"ఆఁ, షత్రంజీలా? చెప్పున్రి,
ఏ ఊరు?"