పుట్టెంటికల లెక్క

బీడీల కార్డు ఎనుక పేజీల
పెన్సిలుతోని మొదలువెట్టిన.
పెన్నుతోని రాస్తే గట్టయ్య కొట్టేయనియ్యడు.

బద్ది పోచమ్మకు యాట: పన్నెండు వేలు.
వెయ్యి బీడీలకు రెండు వందల యాభై లెక్కన
నలభై ఎనిమిది వేల బీడీలు
నాలుగు కాళ్ల మీద నడుచుకుంట వస్తయన్నట్టు.
మెట్‌పల్లి నుంచి ఎములాడకు ట్రాలీ ఆటో మూడు వేలు.
డీజిల్ వాళ్లదే, డ్రైవరు తిండి మనదే.
కోడె మొక్కు టికెట్టు, తలనీలాల టికెట్టు,
మంగలాయన చేతుల పెట్టేది వేరే.
పెట్టకుంటే కత్తి మొద్దువారుతదట, మా అత్త మాట.

ఫ్లెక్సీ వద్దన్న.
"పోరడు పెద్దయినంక చూస్కుంటడే" అన్నడు.
"మరి వాని పక్కన నీ ఫోటో ఎందుకు, నల్లద్దాలు వెట్టుకోని?"
ఎనిమిది వందలు అట్లనే ఉన్నయి.

రెండు కాటన్ల బీర్లు రాత్రి నేను కొట్టేస్త.
పొద్దుగాల చూస్తే మళ్ల మొలుస్తయి,
ఇంకింత గుండ్రటి అక్షరాలతోని.

తమ్ముడు ఓదెలు హార్వెస్టరు నడుపుతడు.
కోతలు మిర్యాలగూడ దిక్కు.
మేనమామ ఒళ్లె కూసుండకుంటే ఎంటికలు తియ్యరు గదా,
ఫోన్ జేసిన. ఎనుక ఇంజను సప్పుడు.
"రెండు రోజులు పోతయక్కా."
రానన్లే. వస్తననీ అన్లే.
ఆ రెండు రోజుల కూలి
ఎవరి ఖాతల రాయాలె?
వానికి మేం పెట్టే అంగీ ప్యాంటు బట్ట,
అల్లునికి వాడు తెచ్చే వెండి కడియం
సరికి సరి అంటరు పెద్దోళ్లు.
సరికి సరే గని
రెండిండ్లల్ల పైసలయితే పోతయి.
వాని పేరు పక్కన గీత గీసి ఊకున్న.

మూడేండ్ల పోరనికి రెండు జడలు.
బస్సుల ఎవరన్న "పాప పేరేంది" అంటే
"రుత్విక్!" అని డ్రైవరు తిరిగి చూసేటట్టు అరుస్తడు.
దువ్వెన కనవడితే మంచం కిందికి ఉరుకుతడు.
చేట పక్కన్నే ఒరిగి ఒరిగి నిద్రవోయి
వాని తల నూనె వాసన రాదు,
తంబాకు వాసనొస్తది.
రాజన్న ఏమనుకుంటడో.

ఒకటి ఎవ్వలికి చెప్పలే.
పోయిన నెల చెవెనుక బబుల్‌గమ్ అంటుకున్నది.
నూనె రాసిన, ఐసు వెట్టిన, ఊడలే.
వాడు నిద్రల ఉన్నడు.
తునికాకు కత్తిరించే కత్తెర
చేతులనే ఉండె.
ఎన్ని లక్షల ఆకులు కత్తిరించిందో అది,
ఈసారి సప్పుడే చెయ్యలే.
వేలెడంత కుచ్చు.
మొదటి కత్తెర మేనమామదంటరు.
తల్లిదని ఏడ లేదు.
దారం రీలు డబ్బల దాసిన,
మొక్కుల వెంటికలతోని కలుపుతనో లేదో
ఇంకా అనుకోలే.

లెక్క ఆఖరికి, ఈసారి పెన్నుతోని:
వేరే ఖర్సు, నూట పదహార్లు, హుండీల.

గట్టయ్య సదివిండు.
"ఇదేందే?"
"రాజన్నకు నాకు మధ్యల బాకీ" అన్న,
అనుకుంటనే బీర్ల కాడ
రెండును ఒకటి జేసిన.
కార్డు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.
"ఇగ పండుకో" అన్నడు.

యాడ పండుకుంట.
ఇంకా నాలుగు వందలు చుట్టాలె.