విశేషం లేదు

ఆటోనగర్‌ల యాకుబ్ పాషా తుక్కు దుకాణం ముంగట
ట్రైలర్ మీదికెల్లి దించుతుండ్రు ఒక పడవను.
సముద్రం మూడు జిల్లాల అవతల పెట్టుకున్న వరంగల్‌ల
ఇదేం ముచ్చటని జనం మూగిండ్రు.
ముక్కుకు ఫైబరు హంస తలకాయ, ఒళ్ళంత పసుపు రంగు.
నేను హంసను సూడలే.
వెనుక కుడి దిక్కు సొట్ట సూసిన.
ఆ సొట్ట నాదే.
గాలి మళ్ళిన రాత్రి జెట్టీకి తగులుతుంటే
టైరు అడ్డం ఏసుడు రెప్పపాటు ఆలస్యం జేసిన.

కొత్తవాడ జంపఖానా మగ్గం మీదికెల్లి లేచి
నేవీకి వోయినోణ్ణి. పేరు సారంగపాణి.
లెఫ్టినెంటు సగానికి కోసి 'సారంగ్' అన్నడు.
వలలు ఆరేస్తున్న జాలరోళ్ళు పడీపడీ నవ్విండ్రు:
ఇంజను కాడ నూనె తుడిసెటోడు సరంగట!

పదిహేడు మీటర్లు. ఎనిమిది మందిమి.
ఉన్న ఒక్క మిషన్‌గన్నుకు తార్పాలిన్ కప్పితే
దాని మీద మా అంగీలు ఆరుతుండె.
రేవు మూతి కాడ
ఎర్రదీపం నుంచి పచ్చదీపం దాక,
పచ్చదీపం నుంచి మల్ల ఎర్రదీపం దాక
తెల్లారేదాక నాడె తీరుగ.
పొద్దుగాల డ్యూటీ పుస్తకంల బెహరా రెండే ముక్కలు రాస్తుండె.
తెలుగు జేస్తే: విశేషం లేదు.
ఏడేండ్లు గదే.

సెలవుల ఇంటికొస్తే నాయిన
గుంతల కాళ్ళు పెట్టుకొని, పోగు మీదికెల్లి కన్ను తీయకుంట
"రాత్రంత తిరుగుతరు గద బిడ్డా,
ఎన్ని గజాలు దిగింది?" అని అడిగిండు.
జవాబు ఎతుక్కుంటనే రైలెక్కిన.

నేను దిగినంక దాని సుద్దులు శెవులవడుతనే ఉన్నయి.
గన్ను పీకిండ్రని, చేపలశాఖ నీలిరంగు ఏసిందని,
కస్టమ్సోళ్ళ కింద రెండేండ్లు ఊకెనే కట్టేసి ఉన్నదని.
ములుగు అడవుల ఏదో చెరువుకు తెచ్చి
టికెట్టు యాభై పెట్టిండ్రని మాత్రం నమ్మలే.
హంస అప్పటిదన్నట్టు.
ఎండకాలం నీళ్ళు ఎనుకకు వోయి బురదల కూలవడితే
మేకలోళ్ళు వానకు దాంట్ల తలదాసుకున్నరట.

"ఇంజనేది పాషా?"
"అది ఎన్నడో వోయింది. పరకాల దిక్కు రైసుమిల్లుల ఉన్నది.
కరెంటు వోయిననాడే లేపుతరు."
అంటే ఇంక డ్యూటీల ఉన్నదన్నట్టే.

గ్యాస్ కట్టర్ పట్టిన పోరడు ప్రభుదాసు మంట ఆనిచ్చిండు.
పసుపు మాడింది, కింద నీలం లేసింది,
నీలం పొక్కులు కట్టి ఊడింది. అడుగున బూడిదరంగు.
కండ్లద్దాలు పైకి జరిపి
"ఎన్ని యుద్ధాలు జేసింది తాతా?" అన్నడు.
ఒక్కటి గూడ లేదు కొడుకా.
ఊరు పండుకునేది, మేము తిరిగేది.

సొట్ట రేకు ఇరవై మూడు కిలోలు తూగింది.
కిలో ముప్పై. పాషా పైసలు తగ్గియ్యలే, శాయ మాత్రం తాపిండు.

మగ్గం అమ్మి పదేండ్లు, గుంత మాత్రం అట్లనే నోరు తెరుసుకొని ఉన్నది.
రేకు పరిస్తే నాలుగంగుళాలు తక్కువ.
మనుమరాలు దాని మీదెక్కి దుంకింది.
ధన్‌మని మోగింది ఇల్లంత.
అర్ధరాత్రి ఎవలో దాన్ని తొక్కినట్టు సప్పుడైతే
లేసి, లైటేసి, ఎర్రమన్ను అర్ర నుంచి వాకిలి దాక
ఒకపాలి పొయ్యొచ్చిన.
"ఏమాయె?" అన్నది రాజకొమురమ్మ నిద్రల.
పక్కేసుకుంట చెప్పిన:
విశేషం లేదు.