ఆఖరి చేయి

ఎర్రగుంట్ల పాలిష్ మిషన్ ముందర
ముప్పై ఒక్క ఏడు నిలబడిన మోకాలు ఇది.
బూడిదరంగు బురద తొక్కుతా, నీళ్ళు పడతా
నల్లబండల్లో మొహం కనపడేంత మెరుపు తెచ్చినా.
ఎవరెవరి ఇండ్లల్లోనో
నా చేతిపని మీద పిల్లోళ్ళు జారి పడుంటారు.

రెండేండ్లాయ, నమాజుకు కుర్చీ వేసుకోబట్టి.
సజ్దాకు వంగితే లోపల కంకర నమిలిన చప్పుడు,
పక్క మనిషికి ఇనపడతాదేమో అని సిగ్గు.
నూనెలయినాయి, ఆకుపసర్లయినాయి,
పెద్ద దర్గాలో తాయెత్తు కూడా అయింది.
చివరికి కడప పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి
"నబిరసూలూ, రెండెముకల మధ్య సందే లేదు" అనింది.
ఒకే గదిలో ఆరుమందిమి బతికినోళ్ళం,
అర్థమయింది నాకు.

పక్క మంచం మాధవరం చౌడప్పది.
గుంతమగ్గంలో తొక్కి తొక్కి
ఆయన కుడికాలు కొడవలైంది.
కోతకు ముందురోజు మాపటేళ
మా ఇద్దరి మొహాలు చూసి
డాక్టరమ్మ స్టూలు లాక్కొని కూచునింది.

మొదట్లో జర్మనీలో ఒకాయన
ఏనుగుదంతం చెక్కి కీళ్ళు పెట్టినాడంట.
చీము పట్టి పోయినాయంట.
శానా ఏండ్లకు ఇంగ్లండులో ఇంకో డాక్టరు
తుంటిలో తెల్లటి జారుడు ప్లాస్టిక్కు పెట్టినాడంట.
మూడు నాలుగేండ్లకే అరిగి
ఆ పొడి ఒంట్లో గడ్డలు కట్టిందంట.
అదేం చేస్తాదో తెలుసుకోవాలని
తన తొడలోకే సూదితో ఎక్కించుకున్నాడంట ఆ మనిషి.
చౌడప్ప "అబ్బ!" అన్నాడు.
నేను నా ఊపిరితిత్తుల్లోని బండపొడిని తలుచుకున్నా.
దాన్ని ఎక్కించేటప్పుడు నన్నెవరూ అడగలేదు.

అప్పుడొక సేల్సుమనిషి
నేత మిల్లుల్లో తిరిగే ప్లాస్టిక్కు పళ్ళచక్రం తెచ్చినాడంట.
డాక్టరు గోటితో గీకి, మెత్తగా ఉంది, పనికిరాదన్నాడంట.
ఆయన ఊళ్ళో లేనప్పుడు
హెల్పరు దాన్ని అరగదీసే మిషనుకు బిగించి వదిలినాడంట.
వారాల తరబడి తిరిగినా
అరిగింది లెక్కలోకే రాలేదంట.

"మగ్గందేనా?" చౌడప్ప లేచి కూచున్నాడు.
"నా మగ్గం తినేసిన మోకాలిని
ఇంకెవరి మగ్గమో తిరిగిస్తాందన్నమాట."
నాకు మాత్రం ఆ హెల్పరు పేరు కావాలనిపించింది.
ఆమె చెప్పింది, నా నోరు తిరగలేదు.
లైట్లార్పినాక
నాకొచ్చినట్టు ఒకసారి పలికినా.
ఏ మిల్లులో అయినా అంతే కదా,
రాయి గుణం ఓనరుకేం తెలుసు,
నీళ్ళు పట్టేవానికి తెలుస్తాది.

హైదరాబాదులో ఇప్పుడు రోబో కొలిచిపెడతాదంట,
పొద్దున కోసి మాపటికి ఇంటికంట.
మాకు కార్డు సంతకాలకే పదకొండు వారాలు పట్టింది.
నడుములో సూదేసినాక కాళ్ళు నిద్రపోయినాయి,
చెవులు పోలేదు.
పచ్చగుడ్డ అవతల రంపం, ఉలి, సుత్తి,
మా షెడ్డు చప్పుడే.
"ఇంకో రెండు మిల్లీమీటర్లు" అంటాంది ఆమె.
కొలత తెలిసిన చేయే అని
కండ్లు మూసుకున్నా.

కుట్లేసేటప్పుడు అడిగినా, కోసింది చూపించమని.
నర్సు స్టీలు గిన్నె వంచి పట్టింది.
ఒక పక్క గరుకు. ఇంకో పక్క అద్దం.
దంతమట్లా మెరుస్తాంది,
ఆఖరి నంబరు రాయితో రుద్దితే గానీ రాని మెరుపు.
ఊరందరికీ కూలికి పెట్టిన పాలిష్
నాకు నేను
ఉత్తపుణ్యానికి పెట్టుకున్నా.

ఆ ఇంగ్లండు డాక్టరు
మీరు పోయినాక నా కీలు నాకు తిరిగి ఇప్పించండి,
ఎంత అరిగిందో చూసుకోవాల,
అని పేషెంట్లను అడిగేవాడంట.
మా రేష్మాతో చెప్పాల ఈ మాట.
కోప్పడతాది. చెప్పాల.

తెల్లారి వాకరు పట్టించి నిలబెట్టినారు.
అరికాలి కింద చల్లగా తగిలింది,
మా ఎర్రగుంట్ల బండే.
"ముందుకు చూడు తాతా, కిందికి చూడాకు" అంటాడు
ఫిజియో పిల్లోడు.
నేను కిందికే చూస్తాండా.
గోడవారన రెండు బండలకు
ఎవడో
ఆఖరి చేయి ఎయ్యలేదు.